ఉద్యోగం పోయాక – 2వ పాఠం: లాప్‌టాప్ అప్పగించేలోపు

మొదటి పాఠంలో ఇంట్లో ఎలా చెప్పాలో, నెల ఖర్చులు ఎలా లెక్కేసుకోవాలో చూశాం. ఈసారి కాగితాల సంగతి. హెచ్‌ఆర్ కబురు చెప్పిన రాత్రే చాలామంది కనిపించిన ప్రతి ఉద్యోగానికీ అప్లై చేసేస్తారు. ఆ కంగారు సహజమే. కానీ ఆఫర్ చేతికొచ్చాక, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో (కొత్త కంపెనీ మీ పాత ఉద్యోగ వివరాలు సరిచూసుకోవడం) పేస్లిప్పులు లేక ఆగిపోతే పడే టెన్షన్ ఇంకా ఎక్కువ. అందుకే రెజ్యూమె కన్నా ముందు ఈ పని.

లాగిన్ ఎప్పుడు ఆపేస్తారో తెలియదు. పేరోల్ పోర్టల్ తెరిచి అపాయింట్‌మెంట్ లెటర్, ఇంక్రిమెంట్ లెటర్లు, పేస్లిప్పులు, ఫారం 16లు (జీతంలో కోసిన ఆదాయపు పన్ను కాగితాలు) దించుకోండి. పోర్టల్‌లో మీ సొంత మెయిల్, ఫోన్ నంబర్ ఉన్నాయో లేదో చూడండి. కోడ్, క్లయింట్ ఫైళ్లు మాత్రం ముట్టుకోవద్దు. అవి మీవి కావు, వాటితో వచ్చే చిక్కు ఉద్యోగం పోవడం కన్నా పెద్దది.

ఇక అసలు విషయం. చాలాచోట్ల "మీరే రిజైన్ చేసినట్టు పెట్టండి, రికార్డు బాగుంటుంది" అంటారు. ఆ గదిలో కూర్చుని సంతకం పెట్టకండి. "చదువుకుని రేపు చెప్తానండి" అని మర్యాదగా లేచి రండి. ఇంటికొచ్చి సొంత మెయిల్ నుంచి హెచ్‌ఆర్‌ను నాలుగు విషయాలు అడగండి: నోటీసు పీరియడ్ జీతం ఎంత, మిగిలిన సెలవులకు డబ్బు ఎంత, ఫుల్ అండ్ ఫైనల్ (మీకు రావాల్సిన బాకీలన్నీ లెక్కగట్టి ఇచ్చే డబ్బు) ఏ తేదీకి వస్తుంది, రిలీవింగ్ లెటర్‌లో (ఉద్యోగం నుంచి విడుదల చేశామని కంపెనీ ఇచ్చే ఉత్తరం) ఏమని రాస్తారు. జవాబు మెయిల్‌లోనే రావాలి. ఫోన్‌లో చెప్పిన మాటకు రేపు సాక్ష్యం ఉండదు. సంతకం పెట్టాలా వద్దా అన్నది ఆ జవాబు చూశాక మీ నిర్ణయం. మొత్తం పెద్దదైతే లేబర్ లాయర్‌కు ఒకసారి చూపించడం మంచిది.

ఐదేళ్లు నిండితే గ్రాట్యుటీ, అంటే చేసిన సర్వీసుకు కంపెనీ ఒకేసారి ఇచ్చే సొమ్ము, కూడా మీ హక్కు. లెక్క తేలికే: చివరి నెల బేసిక్ (మూల వేతనం), డీఏ (కరువు భత్యం) కలిపి 15తో హెచ్చించి 26తో భాగించండి, వచ్చినదాన్ని సర్వీసు ఏళ్లతో హెచ్చించండి. బేసిక్ 40,000, సర్వీసు 6 ఏళ్లు అయితే సుమారు 1,38,461 రూపాయలు. సెటిల్‌మెంట్ షీట్‌లో ఆ అంకె ఉందో లేదో సరిచూసుకోండి.

పీఎఫ్‌లో చూడాల్సింది ముఖ్యంగా డేట్ ఆఫ్ ఎగ్జిట్, అంటే మీరు ఉద్యోగం వదిలిన తేదీ. కంపెనీ వేయకపోతే, చివరిసారి పీఎఫ్ జమైన రెండు నెలల తర్వాత పీఎఫ్ సభ్యుల పోర్టల్‌లో మీరే వేసుకోవచ్చు. ఆ తేదీ రిలీవింగ్ లెటర్‌తో కలవాలి, లేదంటే వెరిఫికేషన్‌లో ప్రశ్నలొస్తాయి.

అమ్మానాన్నలు కంపెనీ ఇన్సూరెన్స్‌లో ఉన్నారా? ఆ కవర్ చాలావరకు చివరి పనిరోజుతోనే పోతుంది. అది ముగియకముందే అదే ఇన్సూరెన్స్ కంపెనీని అడిగి సొంత పాలసీకి మారండి. ఇంట్లో షుగర్, బీపీ ఉన్నవాళ్లుంటే ఈ ఒక్క ఫోన్ మాత్రం రేపటికి వాయిదా వేయకండి.

ఈ వారం అభ్యాసం: పైన చెప్పిన నాలుగు ప్రశ్నల మెయిల్ రాసి పంపండి. కోపం తగ్గాక రాయండి, ఆరు వాక్యాలు దాటనివ్వకండి. 3వ పాఠంలో ఇంటర్వ్యూలో "ఎందుకు మానేశారు?" అని అడిగితే చెప్పే జవాబు తయారు చేద్దాం. రిలీవింగ్ లెటర్ దగ్గర పెట్టుకుని కూర్చోండి, జవాబు అందులోని మాటకు అతకాలి.