టాబ్‌లో నెట్ ఆగిందా? ముందు సిమ్ తీసి ఫోన్‌లో పెట్టి చూడండి

ఫీల్డ్‌లో టాబ్ మొండికేస్తే అందరూ ముందు రీస్టార్ట్ కొడతారు. తప్పు లేదు, కానీ కారణం మాత్రం తెలియదు. నేనైతే సిమ్ తీసి ఫోన్‌లో వేస్తాను. అక్కడ నెట్ వస్తే తప్పు టాబ్‌ది. అక్కడా రాకపోతే సిమ్‌దో, రీచార్జ్‌దో, మనం నిలబడ్డ చోటుదో. ఇది తేలకుండా సెట్టింగ్స్ కెలికితే ఉన్న తప్పుకి ఇంకో రెండు తోడవుతాయి. ట్రే తీసే పిన్ను లేకపోతే జెమ్ క్లిప్పు సాగదీసినా పని జరుగుతుంది.

గీతలు నిండుగా ఉన్నాయి, పేజీ మాత్రం తెరుచుకోదు

ఎక్కువమంది తిట్టుకునేది దీని గురించే. గీతలు చెప్పేది టవర్ అందుతోందని మాత్రమే, డేటా కదులుతోందని కాదు.

మొదట అనుమానించాల్సింది రోజువారీ కోటాని. రోజుకి 1.5 జీబీ ప్యాక్‌లో అది అయిపోగానే వేగం చాలా కంపెనీల్లో 64 కేబీపీఎస్‌కి పడిపోతుంది. నెట్ చావదు, పాకుతుంది. వాట్సాప్‌లో మెసేజ్ వెళ్తుంది, ఫొటో మాత్రం తిరుగుతూనే ఉంటుంది. సరిగ్గా సాయంత్రం ఫారాలు అప్‌లోడ్ చేసే వేళకే ఇలా అవుతుందంటే, పొద్దున్నుంచి యాప్‌ల అప్‌డేట్లు కోటా మింగేసి ఉంటాయి. ప్లే స్టోర్‌లో అప్‌డేట్లు వైఫైలోనే దిగేలా మార్చండి. ఆ పూటకి డేటా టాపప్ వేసుకోక తప్పదు.

కోటా ఉన్నా రాకపోతే మొబైల్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ఏపీఎన్ చూడండి, అంటే సిమ్ కంపెనీ నెట్‌కి కలిపే పేరు. సెకండ్ హ్యాండ్ టాబ్‌లో పాత ఓనర్ వాడిన సిమ్ కంపెనీదే మిగిలిపోతుంటుంది. జియోకి 'జియోనెట్', బీఎస్ఎన్ఎల్‌కి 'బీఎస్ఎన్ఎల్‌నెట్'. ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా కొట్టాలి.

ఇంకొకటి, ఎవరికీ తట్టనిది: తేదీ. చార్జింగ్ పూర్తిగా దిగిపోయి లేచిన టాబ్ కొన్నిసార్లు పాత తేదీ చూపిస్తుంది. అప్పుడు బ్యాంకు సైట్లు, ఆఫీసు యాప్‌లు లోపలికి రానివ్వవు. తేదీ, సమయం ఆటోమేటిక్‌లో పెడితే సరిపోతుంది.

సిమ్ ఉంది, సర్వీస్ లేదు

జియోకి 2జీ, 3జీ లేవు. నెట్‌వర్క్ టైప్ 3జీ మీద ఉంటే ఎంతసేపు వెతికినా దొరకదు. 4జీ కలిసిన ఆప్షన్ ఎంచుకోండి. టాబే పాత 3జీదైతే దానికి మందు లేదు.

దోర్నాల నుంచి శ్రీశైలం వెళ్లే నల్లమల దారిలోనైతే టాబ్‌ని అనకండి, అడవిని అనండి. మ్యాపులు ముందే దింపుకొని, ఫారాలు ఆఫ్‌లైన్‌లో నింపుకోండి. అడవి దాటినా సర్వీస్ రాకపోతే ఏరోప్లేన్ మోడ్ పది సెకన్లు వేసి తీయండి. టవర్‌ని కొత్తగా వెతుక్కుంటుంది.

రాయచూరు చేరగానే డేటా పోయింది

టెలికాం లెక్కలో ఆంధ్ర, తెలంగాణ రెండూ ఇప్పటికీ ఒకే సర్కిల్, అంటే ఒకే సేవా ప్రాంతం. అందుకే కర్నూలు నుంచి హైదరాబాద్ దాకా ఏమీ కాదు. కర్ణాటకలోనో మహారాష్ట్రలోనో అడుగుపెడితే రోమింగ్. కొన్ని టాబ్‌లలో డేటా రోమింగ్ ఆఫ్‌లో ఉంటే అక్కడితో ఆగిపోతుంది. ఆన్ చేయండి.

ఓటీపీ రాదు

సిమ్ పాడై అదే నంబరుతో కొత్తది తీసుకుంటే మొదటి 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు ఆపేస్తారు, మోసాలు జరక్కుండా. సెట్టింగ్స్ ఎన్ని మార్చినా లాభం లేదు, మర్నాటిదాకా ఆగాల్సిందే.

హాట్‌స్పాట్ కనబడదు

ఫోన్ హాట్‌స్పాట్ 5 గిగాహెర్ట్జ్‌లో ఉంటే పాత టాబ్‌లకి కనపడదు. 2.4కి మార్చండి. ఇంకో సంగతి: వైఫై మాత్రమే ఉన్న ఐప్యాడ్‌లో జీపీఎస్ చిప్పే ఉండదు. హాట్‌స్పాట్‌తో నెట్ వచ్చినా చేలో నిలబడి తీసిన ఫొటోకి లొకేషన్ పక్కూరిది పడొచ్చు. జియోట్యాగ్ ఫొటోలు ఫోన్‌తోనే తీయండి, లేదా కొనేటప్పుడే సిమ్ ఉన్న మోడల్ అడగండి.

మధ్యాహ్నం ఒంటిగంటకి మాత్రమే ఆగుతుంది

మే నెలలో ఇది మామూలే. ఐప్యాడ్‌ని 35 డిగ్రీల లోపు వాడమని ఆపిలే చెబుతుంది. మన దగ్గర నీడలోనే 42 దాటుతుంది. కారు డ్యాష్‌బోర్డు మీద చార్జింగ్‌లో ఉన్న టాబ్ వేడెక్కితే సిగ్నల్ కూడా బలహీనపడుతుంది. చార్జర్ పీకి, కవర్ తీసి, సీటు కింద నీడలో పెట్టండి. తొందరపడి ఫ్రిజ్‌లో పెట్టొద్దు, లోపల చెమ్మ పడితే మామూలు రిపేరుతో పోదు.