త్రెత్యకోవ్ గ్యాలరీలో రెండు బొమ్మలు చాలు

మాస్కో వచ్చే మనవాళ్లు త్రెత్యకోవ్ చిత్రకళా గ్యాలరీలో అన్ని గదులూ ఒక్కపూటలో తిరగాలని టెన్షన్ పడతారు. అలా వద్దు. నేరుగా 19వ శతాబ్దపు రష్యన్ చిత్రకారుడు సూరికోవ్ గదికి నడవండి.

ముందు 1881 నాటి ‘స్త్రెల్త్సీల మరణదండన ఉదయం’. స్త్రెల్త్సీలంటే పీటర్ చక్రవర్తి మీద తిరగబడ్డ సైనికులు. ఎడమ నుంచి కుడికి చూడండి. ఎడమవైపు గడ్డాలు, తెల్లచొక్కాలు, వెలుగుతున్న కొవ్వొత్తులు. కుడివైపు క్రెమ్లిన్ గోడ దగ్గర గుర్రం మీద పీటర్ చక్రవర్తి. ఎర్రగడ్డం మనిషి చూపు వెంట వెళ్లండి, సూటిగా పీటర్ దగ్గరే ఆగుతుంది. రష్యాను యూరప్ వైపు తిప్పి పీటర్ మేలు చేశాడా, కీడు చేశాడా? రష్యాకు తన పాత దారే మేలన్న 19వ శతాబ్దపు స్లావోఫిల్‌లకూ, యూరప్ దారే మేలన్న పాశ్చాత్యవాదులకూ ఇదే తగువు. సూరికోవ్ తీర్పు చెప్పడు. ఉరికంబాలు గీశాడు గానీ వేలాడే శవం ఒక్కటీ గీయలేదు.

తర్వాత ‘బొయారిన్యా మొరోజోవా’ (1887). పాత మతాచారం వదలనందుకు బందీ అయిన ప్రభువంశపు స్త్రీ ఈమె. గొలుసులతో బండిలో వెళ్తూ ఆమె ఎత్తిన రెండు వేళ్లు చూడండి. శిలువ గుర్తు మూడు వేళ్లతో వేయాలని 1650లలో రష్యన్ చర్చి అధిపతి నికోన్ చేసిన సంస్కరణకు అది ఎదురుతిరగడం. ఇప్పుడు కుడివైపు మంచులో కూర్చున్న బిచ్చగాడి చేయి వెతకండి. అవే రెండు వేళ్లు.

మరో రష్యన్ చిత్రకారుడు వాస్నెత్సోవ్ గీసిన ముగ్గురు జానపద వీరుల బొమ్మ చివర్లో చూడొచ్చు. అందరూ దాని ముందే గుమిగూడతారు. నాకైతే అందులో సమాధానమే తప్ప ప్రశ్న కనిపించదు.