కడుతూనే ఉన్నా తీరని ఇంటి అప్పు: ఎక్కడ ఆగింది, ఎలా కదిలించాలి

అప్పులో ఉన్న ఇల్లు బయటికి మామూలుగానే కనిపిస్తుంది. లోపల మాత్రం భార్యాభర్తలిద్దరూ ఒకే నెలను రెండు రకాలుగా లెక్కపెట్టుకుంటూ ఉంటారు. ఒకరికి వాయిదా తేదీలు తెలుసు, ఇంకొకరికి ఇంటి ఖర్చు తెలుసు. రెండూ ఒకే కాగితం మీదికి రానంత కాలం ఎంత కడుపు కట్టుకున్నా ఫలితం ఉండదు. మా ఇంట్లో అప్పు కదలడం మొదలైంది ఆ కాగితం దగ్గరే. అందుకే కింద చెప్పిన ప్రతి సమస్యలోనూ లెక్కతో పాటు మాట గురించి కూడా రాశాను. మీ ఇంట్లో కనిపిస్తున్న లక్షణం ఏదో చూసుకుని అక్కడి నుంచే చదవండి.

సమస్య: "మొత్తం అప్పు ఎంత?" అని అడిగితే సరిగ్గా చెప్పలేకపోతున్నాం

కారణం: అప్పులు తలో చోట ఉంటాయి. బ్యాంకు లోన్ ఒకటి, కార్డు బాకీ ఒకటి, ఫోన్లో యాప్ ద్వారా తీసుకున్నది ఒకటి, స్నేహితుల దగ్గర చేబదులు ఇంకొకటి. విడివిడిగా చూస్తే ఏదీ పెద్దగా అనిపించదు. అన్నీ కలిపి చూడటానికి మనసు ఒప్పుకోదు, అసలు కారణం అదే.

పరిష్కారం: ఒక పొడవాటి నోటుబుక్కు తీసుకుని ఐదు గడులు గీయండి. ఎవరికి, అసలు ఎంత మిగిలింది, వడ్డీ ఎంత, నెలకు ఎంత కడుతున్నాం, ఏ తేదీకి. చేబదుళ్లు కూడా రాయాలి. వడ్డీ లేదు కదా అని వాటిని వదిలేస్తే అవి సరిగ్గా ఇబ్బంది ఉన్న నెలలోనే అడుగుతాయి.

మేము ఇలా కూర్చున్న రోజు మా ఆయన మూడు అప్పులు చెప్పారు. నేను రాస్తూనే ఉన్నాను కానీ చెయ్యి వణుకుతోంది, ఎందుకంటే నాలుగోది నా దగ్గర ఉంది. వాయిదాల మీద కొన్న వస్తువు బాకీ, ఎనిమిది నెలలుగా ఆయనకు చెప్పలేదు. చివరికి కార్డు స్టేట్‌మెంట్ తెచ్చి నోటుబుక్కు పక్కన పెట్టాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "ఇంకా ఏమైనా ఉన్నాయా? ఉంటే ఇప్పుడే చెప్పెయ్, ఈ రోజు నేనేమీ అనను" అన్నారు. ఆ మాట తర్వాత ఆయన కూడా ఇంకోటి చెప్పారు. దాచిన అప్పు రెండు వైపులా ఉంటుందని నాకు ఆ రోజు తెలిసింది. మొదటి రోజు నియమం ఇది ఒక్కటే పెట్టుకోండి: ఎవరేం చెప్పినా ఆ పూట కోప్పడకూడదు.

సమస్య: నెలనెలా కడుతున్నాం, బాకీ మాత్రం తగ్గట్లేదు

కారణం: కట్టేదంతా వడ్డీకే పోతోంది. ఎక్కువ ఇళ్లలో డబ్బు కరిగేది ఇక్కడే కాబట్టి కాస్త నింపాదిగా చూద్దాం.

కార్డు బాకీ లక్ష ఉంది, వడ్డీ నెలకు నూటికి 3, అంటే ఏడాదికి 36 శాతం అనుకుందాం. మొదటి నెల వడ్డీ 3,000. కార్డు వాళ్లు అడిగే కనీస చెల్లింపు బాకీలో 5 శాతమైతే 5,000 కట్టమంటారు. అందులో మూడు వేలు వడ్డీకి పోగా అసలు తగ్గేది 2,000. మెలిక ఆ తర్వాత ఉంది. వచ్చే నెల బాకీ 98,000 కాబట్టి కనీస చెల్లింపు కూడా 4,900కు దిగుతుంది. ఆ పై నెల ఇంకాస్త దిగుతుంది. బాకీ తగ్గేకొద్దీ మనం కట్టేదీ తగ్గిపోతుంటుంది, మనకేమో అది ఊరటలా అనిపిస్తుంది. 31 నెలలు ఇలా కట్టాక చూసుకుంటే ఇంకా 53 వేలకు పైగా మిగిలే ఉంటుంది.

అదే మొదటి నెల కట్టిన 5,000ను తగ్గించకుండా ప్రతి నెలా కట్టి ఉంటే? సరిగ్గా ఆ 31 నెలల్లో మొత్తం తీరిపోతుంది. 7,000 కట్టగలిగితే 19 నెలలు చాలు. ఏమీ కట్టకుండా వదిలేస్తే రెండేళ్లలో బాకీ రెట్టింపు అవుతుంది.

పరిష్కారం: కార్డు వాళ్లు చూపించే కనీస మొత్తాన్ని చూడటం మానేయండి. మీరే ఒక అంకె ఖాయం చేసుకోండి, బాకీ తగ్గినా ఆ అంకె తగ్గకూడదు. ఆ కార్డు మీద కొత్తగా ఏమీ కొనకండి. పాత బాకీ మోస్తున్నప్పుడు చాలా కార్డుల్లో కొత్త కొనుగోలుకు వడ్డీ లేని గడువు వర్తించదు, కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది.

ఇంకో చోట కూడా చూడండి. లోన్ తీసుకునేటప్పుడు "12 శాతమే" అన్నారా? ఫ్లాట్ వడ్డీయా, తగ్గే బాకీ మీద వడ్డీయా అని అడగండి. లక్షకు 12 శాతం ఫ్లాట్ వడ్డీతో మూడేళ్లకు తీసుకుంటే వడ్డీ 36,000, నెల వాయిదా సుమారు 3,778. మీరు అసలు తీరుస్తూ వస్తున్నా వడ్డీ మాత్రం మొదటి రోజు లక్ష మీదే వేస్తారు. తగ్గే బాకీ లెక్కలోకి మార్చి చూస్తే అది సుమారు 21 శాతం అవుతుంది. నోటుబుక్కులో వడ్డీ గడిలో రాయాల్సింది ఈ రెండో అంకె.

సమస్య: జీతం వచ్చిన పది రోజులకే చెయ్యి ఖాళీ, ఎటు పోయిందో తెలియదు

కారణం: పెద్ద ఖర్చులు అందరికీ గుర్తుంటాయి. గుర్తుండనివి చిన్నవి, ఆటోమేటిక్‌గా కట్ అయ్యేవి.

పరిష్కారం: ఒక నెల పాటు ఏదీ తగ్గించకండి, రాయండి చాలు. ఖర్చు పెట్టినవాళ్లే ఆ పూటే రాయాలి. నెలాఖరున మూడు రంగుల పెన్సిళ్లు తీసుకుని గీతలు పెట్టండి: తప్పనిది, తగ్గించగలిగేది, అసలు అక్కర్లేనిది. ఎవరి ఖర్చుకు వాళ్లే రంగు వేసుకోవాలి. అవతలివాళ్ల ఖర్చు మీద మనం గీత పెడితే అక్కడే గొడవ మొదలవుతుంది. బ్యాంకు స్టేట్‌మెంట్ కూడా మూడు నెలలది వెనక్కి తిప్పి చూడండి. మేము వాడటమే మర్చిపోయిన రెండు సబ్‌స్క్రిప్షన్లు మాకు అలాగే దొరికాయి.

తర్వాతి నెల నుంచి జీతం పడిన రోజే వాయిదాలు, అదనంగా కట్టాలనుకున్న మొత్తం వెళ్లిపోయేలా చూసుకోండి. నెలాఖరున మిగిలింది కడదాం అనుకుంటే ఎప్పటికీ ఏమీ మిగలదు.

సమస్య: బడ్జెట్ రెండు నెలలు బాగా నడిచింది, మూడో నెల కుప్పకూలింది

కారణం: రెండు ఉంటాయి. మొదటిది, ఏడాదికోసారి వచ్చే ఖర్చులు. ఇన్సూరెన్స్ ప్రీమియం, పిల్లల ఫీజులు, బండి రిపేరు, ఎవరింట్లోనో పెళ్లి. ఇవి అనుకోని ఖర్చులు అంటాం గానీ తేదీలు ముందే తెలిసినవే ఎక్కువ. రెండోది, బడ్జెట్‌ను ఊపిరాడనంత బిగించడం.

పరిష్కారం: రాబోయే పన్నెండు నెలల్లో రాగల అలాంటి ఖర్చులన్నీ రాసి, కూడి, 12తో భాగించండి. 36,000 వస్తే నెలకు 3,000 వేరే ఖాతాలో పడాలి. అప్పు తీరుస్తూ ఇది కూడానా అనిపిస్తుంది. ఇది లేకపోతే ఆ నెల రాగానే మళ్లీ కార్డు గీకుతాం, మూడు నెలల కష్టం ఒక్క పూటలో పోతుంది. ఒక నెల ఇంటి ఖర్చుకు సరిపడా డబ్బు కూడా పక్కన ఉండాలి. అంతకు మించి తక్కువ వడ్డీ వచ్చే పొదుపు ఏదైనా ఉంటే ఎక్కువ వడ్డీ అప్పుకు కట్టేయడమే మంచిదని నా అభిప్రాయం. 6 శాతం వస్తున్న డబ్బును దాచుకుని 36 శాతం కట్టడం వల్ల ఏటా నూటికి 30 పోగొట్టుకుంటున్నట్టే.

బిగింపు విషయానికి వస్తే, ఇద్దరికీ లెక్క అడగని కొంత సొంత డబ్బు ఇవ్వండి. చిన్న మొత్తమే అయినా సరే, సమానంగా ఉండాలి. సంపాదించేవాళ్లకు ఎక్కువ, ఇల్లు చూసుకునేవాళ్లకు తక్కువ అనే లెక్క పెడితే మళ్లీ దాచుకోవడం మొదలవుతుంది. నేను చేసిన ఆ నాలుగో అప్పు వెనక ఉన్నది ఇదే.

సమస్య: ఏ అప్పు ముందు తీర్చాలో తేలట్లేదు

కారణం: అన్నిటికీ తలో కాస్త ఎక్కువ కడుతున్నాం, ఏదీ తీరట్లేదు.

పరిష్కారం: అన్నిటికీ తప్పనిసరి వాయిదా కట్టి, అదనపు డబ్బంతా ఒక్కదాని మీదే పెట్టండి. వడ్డీ ఎక్కువ ఉన్నదాన్ని ముందు తీరిస్తే మొత్తం మీద తక్కువ కడతాం. చిన్నదాన్ని ముందు తీరిస్తే త్వరగా ఒక పేరు కొట్టేస్తాం, ధైర్యం వస్తుంది. 12 శాతానికి 8 వేలు, 15 శాతానికి 40 వేలు, 36 శాతానికి 60 వేలు ఉన్నాయనుకోండి. నెల వడ్డీ వరసగా 80, 500, 1,800. నన్నడిగితే ఒకటి రెండు నెలల్లో తీరే ఆ 8 వేలను ముందు కొట్టేసి, వెంటనే 36 శాతం దాని మీద పడండి. తీరిన అప్పుకు కడుతున్న వాయిదా ఖర్చుల్లో కలిసిపోకుండా తర్వాతి దానికి చేరాలి. ఇది జరగకపోతే మిగతాదంతా వృథా.

సమస్య: డబ్బు మాట ఎత్తితే చాలు గొడవ

కారణం: డబ్బు గురించి మాట్లాడేది ఎప్పుడూ ఏదో దెబ్బ తగిలాకే. బిల్లు వచ్చిన రాత్రి, ఫోన్ వచ్చిన ఉదయం. అప్పటికే ఇద్దరూ టెన్షన్‌లో ఉంటారు. పైగా అడిగే తీరు. "ఎంత తగలేశావ్?" అంటే ఎదుటివాళ్లు జవాబు చెప్పరు, తమను తాము కాపాడుకుంటారు.

పరిష్కారం: వారానికి ఒక రోజు, ఒక వేళ, ఇరవై నిమిషాలు. వారం మధ్యలో డబ్బు గురించి ఏం గుర్తొచ్చినా నోటుబుక్కు చివరి పేజీలో రాసి ఆ రోజుకు వాయిదా వేయండి. కూర్చున్నప్పుడు ముందు ఈ వారం ఏం తగ్గిందో చదవండి. తర్వాత "ఈ వారం ఎక్కడ కష్టంగా అనిపించింది?" అని అడగండి. ఈ ప్రశ్నకు ఎవరూ అబద్ధం చెప్పరు. ఆఫీసులో అందరూ బయటికి వెళ్తుంటే ఒక్కడినే కూర్చోవడం కష్టంగా ఉందని మా ఆయన చెప్పింది ఇలాంటి పూటే. అంతకు ముందు ఏడాదంతా ఆ ఖర్చు మీద వాదించుకున్నాం, కారణం మాత్రం ఆ రోజే తెలిసింది. ఆ ఖర్చును తీసేయకుండా నెలకు రెండు సార్లకు తగ్గించుకున్నాం, ఆయన ఎప్పుడూ దాటలేదు.

ఎవరైనా గీత దాటితే దాన్ని రాయండి, తిట్టకండి. ఒక వారం తప్పితే వచ్చే వారం దగ్గర మళ్లీ అందుకోవచ్చు. తిడితే మాత్రం ఆ మనిషి ఇక రాయడమే మానేస్తారు, అది చాలా నష్టం.

సమస్య: మొదట్లో ఉన్న ఊపు సగంలో చల్లబడింది

కారణం: అంకె పెద్దది, నెల చిన్నది. లక్షలో మూడు వేలు తగ్గితే కంటికి ఆనదు.

పరిష్కారం: కంటికి ఆనేలా చేయండి. మేము బీరువా తలుపు లోపలి వైపు ఒక చార్టు అంటించి, గడికి 5,000 చొప్పున గడులు గీశాం. ఒక్కో గడి తీరినప్పుడు స్కెచ్ పెన్నుతో నింపడం మా అమ్మాయి పని. గీత బయటికి పోకుండా నాలుక బిగపట్టి నింపేది. బట్టలు తీయడానికి తలుపు తెరిచిన ప్రతిసారీ అది కనిపిస్తుంది. ఏదో కొనాలని వెళ్లి, ఆ గడులు గుర్తొచ్చి తిరిగొచ్చిన రోజులు నాకు చాలా ఉన్నాయి.

అప్పు తీరుస్తున్న ఇంకో కుటుంబమో, ఒక స్నేహితురాలో తోడుంటే ఇంకా మంచిది. అంకెలు చెప్పుకోనక్కర్లేదు. ఏదైనా కొనబోయే ముందు ఒకరికొకరు ఫోన్ చేసుకోవాలి, నెలకోసారి ఎంత శాతం తగ్గిందో చెప్పుకోవాలి. ఒక్క జాగ్రత్త: ఇద్దరి మధ్య డబ్బు చేతులు మారకూడదు. ధైర్యం చెప్పే మనిషే అప్పిచ్చిన మనిషి అయితే ఆ ఫోన్ ఎత్తబుద్ధి కాదు.

సమస్య: పాత అప్పు తీర్చడానికి కొత్త అప్పు తీసుకుందామా?

వడ్డీ స్పష్టంగా తక్కువై, ప్రాసెసింగ్ ఫీజు, ముందే తీర్చినందుకు వేసే ఛార్జీ కలిపినా లాభమే అయితే, పాత కార్డు వాడకం పూర్తిగా ఆపేస్తే, సరే. వాయిదా తగ్గుతుంది కదా అని గడువు పెంచుకుంటూ పోతే మొత్తం కట్టేది పెరుగుతుంది. ఎవరికైనా హామీ సంతకం పెట్టే ఆలోచన ఉంటే ఈ కాలంలో వద్దని చెప్పేయండి, అది కూడా మీ నోటుబుక్కులో ఒక వరసే.

సమస్య: ఎంత బిగించినా వాయిదాలకే సరిపోవట్లేదు

కారణం: ఇది బడ్జెట్ తప్పు కాదు. ఆదాయానికి మించిన వాయిదాలు, లేదా ఉద్యోగం, ఆరోగ్యం దెబ్బతినడం. ఖర్చు తగ్గించి దీన్ని సరిచేయలేరు, మిమ్మల్ని మీరు నిందించుకోకండి.

పరిష్కారం: వాయిదా తప్పకముందే అప్పిచ్చినవాళ్లకు చెప్పండి. గడువు పెంచమని, వాయిదా తగ్గించమని రాతపూర్వకంగా అడగండి. ముందే వచ్చి అడిగినవాళ్లకు ఉన్నన్ని దారులు మూడు నెలలు ఫోన్ ఎత్తనివాళ్లకు ఉండవు. ఒప్పుకున్నదేదైనా కాగితం మీద తీసుకోండి. తిండి, అద్దె, కరెంటు, మందులు ముందు. ఎవరు గట్టిగా అరిస్తే వాళ్లకు ముందు కట్టడం మానేయండి. ఇంట్లో ఎవరైనా నిద్రపోకుండా, మాట్లాడకుండా ముడుచుకుపోతుంటే లెక్కలు ఆ రోజుకు పక్కన పెట్టి వాళ్ల దగ్గర కూర్చోండి, అవసరమైతే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. అప్పుకు గడువు పొడిగించుకోవచ్చు.

సమస్య: అప్పు తీరింది, మళ్లీ ఎక్కడో బాకీ అని కబురొచ్చింది

కారణం: చివరి వాయిదా కట్టాక ఖాతా మూయించలేదు. చిన్న ఛార్జీ ఏదో మిగిలి పెరిగింది.

పరిష్కారం: ఆఖరి వాయిదాకు ముందే ముగింపు మొత్తం ఎంతో అడిగి తెలుసుకోండి. కట్టాక బాకీ లేదనే పత్రం తీసుకోండి, తాకట్టు పెట్టిన కాగితాలు, సంతకం చేసి ఇచ్చిన చెక్కులు వెనక్కి తెచ్చుకోండి. ఆటోమేటిక్ కోత ఆపించండి. కొన్నాళ్ల తర్వాత క్రెడిట్ రిపోర్టు (మీ అప్పుల చరిత్ర చూపించే పత్రం) తీసి ఆ ఖాతా ముగిసినట్టు ఉందో లేదో చూడండి. పత్రాన్ని నోటుబుక్కులో ఆ అప్పు రాసిన పేజీకే పిన్ను కొట్టండి. మా దాంట్లో ఇప్పటికి మూడు ఉన్నాయి, నాలుగోదానికి ఇంకా ఆరు గడులు నింపాలి.