వరుస వానల తర్వాత నల్లరేగడిలో పత్తి, కంది: సమస్య - పరిష్కారం

2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. మరుసటి జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజే 64 సెంటీమీటర్ల వాన పడింది. 2024 సెప్టెంబర్‌లో మున్నేరు ఖమ్మాన్ని ముంచింది. ఇలాంటి వానల దెబ్బ ఆ ఏడాదితో పోదు, భూమిలో ఉండిపోతుంది. అందుకే విత్తనాలు కొనకముందే పార పట్టుకుని చేనంతా ఒకసారి తిరగండి.

సమస్య: మొక్క గిడసబారుతుంది, చిన్న వానకే చేలో నీళ్లు నిలుస్తాయి.

పాత పత్తి కట్టె ఒకటి వేరుతో సహా తవ్వి తీయండి. తల్లివేరు జానెడు లోతున పక్కకు తిరిగి ఉంటే కింద గట్టి పొర ఏర్పడినట్టే. పదును ఆరకముందే ట్రాక్టర్ దింపి దున్నడమే దీనికి ప్రధాన కారణం. వేసవిలో ఉలి నాగలితో ఆ పొరను పగలగొట్టించండి. కానీ ముందు అడుగు లోతు మట్టిని పిడికిట్లో నొక్కి చూడండి. ముద్ద కడితే ఆగాలి, పొడిగా రాలితేనే దున్నాలి. తడిలో నాగలి దిగితే పొర పగలదు, డీజిల్ ఖర్చే మిగులుతుంది. తర్వాత చేను వాలును బట్టి నీళ్లు బయటికి పోయేలా కాలువలు తీయండి. నా లెక్కలో అన్నిటికంటే ముందు చేయాల్సిన పని ఇదే.

సమస్య: పత్తి ఆకులు పసుపెక్కుతాయి.

టెన్షన్‌తో వెంటనే యూరియా బస్తా విప్పకండి. పసుపు ఏ ఆకుల్లో ఉందో చూడండి. ముదురు ఆకులైతే నత్రజని లోపం. లేత ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్యభాగం పాలిపోతే ఇనుము లోపం. నీళ్లు నిలిచిన చేలో ముందు నీళ్లు తీసేయాలి. వేరుకు గాలి ఆడనప్పుడు నేలలో వేసిన ఎరువు అందదు కాబట్టి లీటరు నీటికి 10 గ్రాముల 13-0-45 (పొటాషియం నైట్రేట్ ఎరువు) కలిపి ఆకుల మీద పిచికారీ చేయండి. ఇనుము లోపానికి లీటరుకు 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) కలిపి పిచికారీ చేయండి. యూరియాను 20, 40, 60, 80 రోజులకు విడతలుగా వేస్తే పెద్ద వానలో అంతా ఒకేసారి కొట్టుకుపోదు.

సమస్య: కంది పూత దశలో నిలువునా ఎండిపోతుంది.

కాండం నిలువుగా చీల్చండి. లోపల గోధుమ, నలుపు చారలుంటే ఎండు తెగులు. ఈ శిలీంద్రం నేలలో ఏళ్ల తరబడి బతుకుతుంది, మందు కొట్టినా ఆ మొక్క లేవదు. అలాంటి చేలో రెండు మూడేళ్లు జొన్నో మొక్కజొన్నో వేయండి. కంది తప్పదంటే ఆశ, మారుతి లాంటి తట్టుకునే రకాలు తీసుకోండి. ఎకరాకు 2 కిలోల ట్రైకోడెర్మాను (తెగులును అణచే మేలు శిలీంద్రం) 90 కిలోల పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండితో కలిపి, నీడలో వారం మాగబెట్టి, తడి ఉన్నప్పుడు చల్లండి.

తుంగ కలుపు పెరిగితే ఎండాకాలంలో లోతుగా దున్ని గడ్డలను ఎండకు వదలాలి.

తొలకరి చినుకులకే తొందరపడకండి. 60-75 మిల్లీమీటర్ల వాన పడి నేల బాగా నానాక, చదునుగా కాకుండా బోదెల (ఎత్తు గట్ల) మీద విత్తండి.