రాతి లైకెన్‌కు పేరు రాసే పద్ధతి

లైకెన్ అంటే ఒక శిలీంధ్రమూ శైవలమూ కలిసి ఒకే జీవిలా బతికేది. రాతిమీది లైకెన్‌కు శాస్త్రీయనామం రాసేవారు, ఆ పేరు అందులోని శిలీంధ్రానికే చెందుతుందనీ, ఆహారం తయారుచేసే శైవలానికి వేరే పేరు ఉంటుందనీ ముందుగా గుర్తుంచుకోవాలి.

మొదట రాయి ఏ రకమో నమోదు చేయాలి. విలీన హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేస్తే సున్నపురాయి నురగ కక్కుతుంది, గ్రానైట్ కక్కదు. ఈ రెండింటిమీద పెరిగే జాతులు చాలావరకు వేరు. ఆకులా పరుచుకున్నదాన్ని తడిపి చాకుతో లేపవచ్చు గాని, పెచ్చులా అంటుకున్నదాన్ని సన్నని రాతిపలుకుతో సహా ఉలితో తీయాలి. పురాతన కట్టడాల రాళ్లను మాత్రం ముట్టుకోకుండా ఫొటోతో సరిపెట్టుకోవాలి.

తరువాత రంగు పరీక్షలు. వీటిని సాధన చేయడానికి కొండలెక్కనవసరం లేదు, కిరాణా కొట్టులో మసాలాగా దొరికే లైకెన్ రాతిపువ్వు చాలు (పేరుకు రాతిపువ్వే అయినా, అందులో చెట్ల బెరడుమీద పెరిగినదీ ఉంటుంది). అందులో తరచుగా కనిపించే పార్మోట్రీమా టింక్టోరమ్ అనే జాతి పైపొరను బ్లేడుతో గీకి, బయటపడిన తెల్లని మజ్జమీద తాజా బ్లీచింగ్ ద్రావణం చుక్క పెడితే, క్షణాల్లో ఎర్రబడి అంతలోనే వెలిసిపోతుంది. ద్రావణం పాతదైతే ఏ రంగూ రాదు. అందుచేత రంగు రానప్పుడు లైకెన్‌కన్నా ముందు సీసాను అనుమానించాలి.

అన్నిచోట్లా రంగు తేల్చదు. మజ్జమీద పొటాషియం హైడ్రాక్సైడ్ వేసినప్పుడు పసుపై ఆపై ఎరుపెక్కడం లైకెన్‌లో ఉండే సాలజినిక్ ఆమ్లంవల్లనూ జరుగుతుంది, నార్‌స్టిక్టిక్ ఆమ్లంవల్లనూ జరుగుతుంది. రాళ్లమీద పసుపుపచ్చ వలయాలుగా పెరిగే జాంతోపార్మీలియా అనే ప్రజాతి (దగ్గరి జాతుల సమూహం)లో కొన్ని జాతులను విడదీసేది ఈ ఆమ్లాలే కనుక, పలుచని పొర క్రొమటోగ్రఫీ (పదార్థాలను విడదీసి గుర్తించే పరీక్ష) చేయనిదే జాతిపేరు ఖాయం చేయకూడదు. అంతవరకు ప్రజాతిపేరు రాసి ఆపడమే మంచిదని నా అభిప్రాయం. జాతిని ఊహించగలిగితే, ప్రజాతికీ జాతికీ మధ్య ‘పోల్చదగినది’ అనే అర్థమిచ్చే ‘సి.ఎఫ్.’ గుర్తు చేర్చాలి.

పేరు ఖాయమైనా ప్రజాతి మారుతూ ఉండవచ్చు. హిమాలయాల రాళ్లమీది నారింజరంగు లైకెన్ 1791లో లైకెన్ ఎలిగాన్స్‌గా మొదలై, కేలోప్లాకా, జాంతోరియా ప్రజాతులు దాటి, ఇప్పుడు రుసావ్‌స్కియా ఎలిగాన్స్ అయింది. పాత పుస్తకాలతో పోల్చేవారికోసం పూర్వనామాన్ని కూడా పక్కన రాయాలి.

నమూనాను బూజు పట్టించే ప్లాస్టిక్ సంచిలో కాక కాగితపు కవరులో ఉంచి, స్థలం, తేదీ, రాయిరకం, ప్రతి పరీక్షలో వచ్చిన రంగు, పేరు నిర్ణయించినవారెవరు అన్నవి కవరుమీదనే రాయాలి. తరువాత ఎవరైనా పేరు మార్చితే కవరుమీది పాత పేరును కొట్టివేయకుండా, కొత్త పేరు రాసిన చీటీని దాని పక్కనే అతికించాలి.