టీమ్ దగ్గర పేరుకుపోయిన పనుల్ని వరసలో పెట్టడం ఎలా?

భీమవరం చుట్టుపక్కల రొయ్యల రైతుల కోసం ఫోన్ యాప్ నడిపే ఐదుగురి టీమ్ ఒకటి ఉందనుకుందాం. మేత లెక్క తప్పు చూపిస్తోందని ఒకరు ఫోన్ చేస్తారు. పట్టుబడికి ముందు కౌంట్‌వారీ (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్నదాన్ని బట్టి) రేట్లు కనబడాలని ఇంకొకరు అడుగుతారు. రాత్రి చెరువులో ఆక్సిజన్ పడిపోతే ఫోన్ మోగాలని మరొకరు. కొన్ని నెలలు గడిచేసరికి బ్యాక్‌లాగ్, అంటే చేయాల్సిన పనుల జాబితా, చాంతాడంత అవుతుంది. అందులో సగం పనుల పక్కన 'అర్జెంట్' అనే రాసి ఉంటుంది. చివరికి ఎవరు గట్టిగా అడిగితే వాళ్ల పని ముందు జరుగుతుంది, నోరులేని రైతు పని అలాగే ఉండిపోతుంది. ఇది టీమ్‌కీ మంచిది కాదు, రైతుకీ మంచిది కాదు. దీన్ని సరిచేయడానికి ఒక ఎక్సెల్ షీట్, ఒక పూట టైమ్ చాలు.

ముందు అన్నీ ఒకే చోటికి తెండి

వాట్సాప్ గ్రూపుల్లో, ఫీల్డ్ స్టాఫ్ నోటు పుస్తకాల్లో, ఈమెయిళ్లలో ఉన్నవన్నీ ఒకే జాబితాలోకి రావాలి. ట్రెల్లో, జిరా లాంటి పనుల జాబితా యాప్‌లు వాడినా సరే, ఎక్సెల్ అయినా సరే. జాబితాలో లేని పని ఎవరూ మొదలుపెట్టకూడదు.

ప్రతి పనినీ ఎవరి ఇబ్బందో తెలిసేలా రాయండి. 'రిపోర్టు మార్చాలి' అని రాస్తే నెల తర్వాత రాసినవాళ్లకే అర్థం కాదు. 'పది చెరువులు లీజుకు చేసే రైతుకు ఏ చెరువులో ఎంత మేత పడిందో ఒకేచోట కనబడట్లేదు' అని రాస్తే ఎవరైనా పని అందుకోవచ్చు. రెండుసార్లు రాసినవి కలిపేయండి. ఆరు నెలలుగా ఎవరూ తలుచుకోని పనుల్ని వేరే షీట్‌లోకి తోసేయండి. నిజంగా అవసరమైనది ఎలాగూ మళ్లీ వస్తుంది.

వరస తేల్చేది ఒక్కరే

స్క్రమ్ అనే టీమ్ పని పద్ధతి గురించి కెన్ ష్వేబర్, జెఫ్ సదర్‌లాండ్ రాసిన స్క్రమ్ గైడ్ 2020 కూర్పులో ఈ సంగతి సూటిగా ఉంది: ప్రొడక్ట్ ఓనర్ (పనుల వరస తేల్చే బాధ్యత ఉన్నవారు) అంటే ఒక మనిషి, కమిటీ కాదు. సలహా అందరూ ఇవ్వొచ్చు, ఆఖరి మాట మాత్రం ఆ ఒక్కరిదే. కంపెనీ యజమాని నేరుగా డెవలపర్‌కి ఫోన్ చేసి పని చెప్పే అలవాటు ఉన్నచోట ముందు ఆ అలవాటు మానాలి. అది మానకపోతే కింద చెప్పేవేవీ నిలవవు.

ఆలస్యమైతే ఏం పోతుందో అడగండి

అసలు కీలకం ఇక్కడే ఉంది. 'ఇది ముఖ్యమా?' అని అడిగితే అందరూ తమ పని ముఖ్యమే అంటారు. 'ఇది ఇంకో నెల ఆగితే ఎవరికి ఎంత నష్టం?' అని అడిగి చూడండి, జవాబులు వేరుగా వస్తాయి. కొత్త ఉత్పత్తుల తయారీ పద్ధతులపై పుస్తకాలు రాసిన డాన్ రైనర్ట్‌సన్ దశాబ్దాలుగా చెబుతున్నది ఈ ఆలస్యం ఖరీదు గురించే.

ఆ నష్టం అన్ని పనులకీ ఒకేలా ఉండదు. మేత లెక్క తప్పు చూపిస్తుంటే రోజూ కొంచెం కొంచెం నమ్మకం పోతుంది. కొన్ని పనులకు గడువు ఉంటుంది. ఎండాకాలంలో కాలువలు కట్టేసే ముందు డెల్టా ఊళ్లలో మంచినీళ్ల చెరువులు నింపుకుంటారు. పంచాయతీల కోసం చెరువు నీటిమట్టం చూపించే పని మీ జాబితాలో ఉంటే, కాలువ కట్టేశాక అది పూర్తి చేసి ఆ ఏడాదికి లాభం లేదు. ఇంకొన్ని పనులు ఎంత ఆగినా ఎవరికీ నష్టం ఉండదు, లోగో రంగు మార్చడం అలాంటిది.

అందుకే గోదావరి జిల్లాల్లో పనిచేసే టీమ్ ఏదైనా గోడ మీద క్యాలెండర్ ముందు పెట్టుకుని ఈ ప్రశ్న అడగాలి. జూన్‌లో ధవళేశ్వరం నుంచి కాలువలకు నీళ్లు, జులై, ఆగస్టుల్లో వరదలు, అక్టోబరు, నవంబరుల్లో తుఫాన్లు, సంక్రాంతికి అందరూ సెలవు. తేదీ దగ్గరపడేకొద్దీ అదే పని విలువ మారిపోతుంది.

దాన్ని పని సైజుతో భాగించండి

ఆలస్యం నష్టానికి 1 నుంచి 10 వరకు మార్కులు వేయండి. పనికి ఎన్ని వారాలు పడుతుందో ఉజ్జాయింపుగా రాయండి. మార్కుల్ని వారాలతో భాగించండి. ఆక్సిజన్ అలారానికి 9 మార్కులు, మూడు వారాలు: 3 వచ్చింది. కౌంట్‌వారీ రేట్లకు 6 మార్కులు, ఒక వారం: 6 వచ్చింది. అంటే రేట్ల పని ముందు చేసేస్తే, అలారం ఒక్క వారమే ఆగుతుంది.

ఇక్కడితో ఆగకండి. పెద్ద పనిని ముక్కలు చేయగలమా అని చూడండి. రాత్రిపూట చెరువులో ఆక్సిజన్ తగ్గుతూ వచ్చి తెల్లవారుజామున బాగా పడిపోతుంది. ఆ సమయంలో కరెంటు పోయి ఏరేటర్లు (నీళ్లలోకి గాలి కలిపే యంత్రాలు) ఆగితే ప్రమాదం. సెన్సార్ల పని తర్వాత చేసుకుని, ముందు 'కరెంటు పోతే రైతు ఫోన్ మోగాలి' అన్న ముక్క ఒక వారంలో చేయగలిగితే? దానికి 8 మార్కులు వేసినా 8 వస్తుంది, జాబితాలో మొదటికి వచ్చేస్తుంది. మార్కులు అటూఇటూ అయినా ఫర్వాలేదు, వాటి గురించి టీమ్ కూర్చుని వాదించుకోవడమే అసలు లాభం.

'తప్పనిసరి, చేయాలి, చేస్తే బాగుంటుంది, ఇప్పుడు వద్దు' అని నాలుగు గంపలు చేసే మాస్కో (MoSCoW) పద్ధతి కూడా ఉంది. ఆ నాలుగు మాటల ఇంగ్లీషు పొడి అక్షరాలతో కట్టిన పేరు అది. సాఫ్ట్‌వేర్ నిపుణుడు డై క్లెగ్ 1994లో తెచ్చాడు. మొదటి వడపోతకు మంచిదే. కానీ తప్పనిసరి గంప ఇట్టే నిండిపోతుంది, అందులో ఏది ముందో అది చెప్పదు. మీ జాబితాలో ఒకటో నంబరు పని ఒక్కటే ఉండాలి.

శివారుకూ వంతు ఇవ్వండి

పాత కోడ్ బాగుచేయడం, బ్యాకప్ సరిచూడడం లాంటివాటికి ఎప్పుడూ మార్కులు తక్కువే వస్తాయి. దాళ్వాలో (రెండో పంటలో) కాలువ నీళ్లు తక్కువైనప్పుడు వంతులవారీగా వదలకపోతే కాలువ చివర ఉన్న శివారు పొలాలకు చుక్క అందదు కదా, ఇవీ అంతే. రెండు వారాలకోసారి ఒక రోజు వీటికే కేటాయించండి. ఆ రోజును మార్కుల లెక్కలోకి లాగొద్దు.

వారం వారం చూసుకోండి

పై పది పనులు మాత్రం వివరంగా, మొదలుపెట్టడానికి సిద్ధంగా ఉండాలి. కిందివి ఒక్క వాక్యంలో ఉంటే చాలు. వారానికి ఒక గంట కూర్చుని పైభాగం సరిచూడండి. ఒకరి చేతిలో ఒకేసారి రెండు పనులకు మించి ఉంచకండి.

మధ్యలో ఫీల్డ్ స్టాఫ్ కుర్రాడి నుంచి ఫోన్ వస్తుంది: 'రైతులు గొడవ పెడుతున్నారండి, ఇవాళే కావాలండి.' కసురుకోవద్దు. 'అలాగే బాబూ, చేద్దాం. దీన్ని పైకి తెస్తే ఈ వారం పనుల్లో ఏది ఆపమంటావో నువ్వే చెప్పు' అనండి. పై మూడు పనులూ చదివి వినిపించండి. చాలాసార్లు ఆ కుర్రాడే 'అయితే సోమవారం చూద్దాం లెండి' అంటాడు. సోమవారం అన్నారంటే ఆ రోజు మీరే ఫోన్ చేయాలి. పని కిందకు దిగితే ఎందుకు దిగిందో కూడా చెప్పాలి, లేకపోతే అతను మళ్లీ నేరుగా డెవలపర్‌కే ఫోన్ చేస్తాడు.