కిచెన్ కబోర్డ్ షట్టర్లు వంకరపోయాయా? ఇంట్లోనే ఇలా సరిచేసుకోండి

వేయించిన కొత్తలో కిచెన్ కబోర్డ్ షట్టర్లన్నీ గీత గీసినట్టు ఉంటాయి. రెండు మూడేళ్లు వాడేసరికి ఒకటి కిందికి జారుతుంది. పక్కపక్కనున్న రెండు ఒరుసుకుంటాయి. ఇంకోటి ఎంత నొక్కి మూసినా కాస్త తెరుచుకునే ఉంటుంది. హైదరాబాద్‌లో ఇంత చిన్న పనికి కార్పెంటర్‌ని పిలిస్తే "రేపొస్తా మేడమ్" అన్న మాట మీదే వారం గడిచిపోతుంది. వాళ్లను తప్పుపట్టలేం, ఒక్క షట్టర్ కోసం మియాపూర్ నుంచి ఎల్‌బీ నగర్ దాకా రావడం ఎవరికీ గిట్టుబాటు కాదు. అయితే ఈ పనికి కార్పెంటరే రానక్కర్లేదు. షట్టర్‌ని సర్దుకోవడానికి కావలసిన స్క్రూలు హింజ్‌లోనే, అంటే షట్టర్‌ని కబోర్డ్‌కు పట్టి ఉంచే బందులోనే ఉంటాయి. ఏ స్క్రూ ఏం చేస్తుందో తెలుసుకుని, ఆ తర్వాతే స్క్రూ డ్రైవర్ పట్టుకోవాలి.

ముందు హింజ్ చూడండి

షట్టర్ బార్లా తెరిచి లోపలికి చూడండి. షట్టర్ చెక్కలోకి గుండ్రంగా దిగి ఉన్న లోహపు గిన్నెలాంటి భాగమే కప్పు. సాధారణంగా దాని వెడల్పు 35 మిల్లీమీటర్లు. కబోర్డ్ పక్క చెక్కకు బిగించి ఉన్నది ప్లేటు. ఈ రెండింటినీ కలుపుతూ ఒక చేయి ఉంటుంది. ఈ మొత్తాన్నే ఆటో క్లోజ్ హింజ్ అంటారు. నెమ్మదిగా మూసుకునే రకమైతే సాఫ్ట్ క్లోజ్. రెండింట్లోనూ సర్దుబాటు పద్ధతి దాదాపు ఒకటే.

పాత ఇళ్లలో గట్టు కింద కడప బండలు నిలబెట్టి, వాటి ముందు చెక్క ఫ్రేమ్ వేసి, మామూలు మడత బందులతో తలుపులు పెట్టేవారు. వాటికి సర్దుబాటు స్క్రూలు ఉండవు. వదులైన స్క్రూలు బిగించాలి, అవసరమైతే బందు రెక్క కింద పలుచని అట్టముక్క పెట్టాలి. అంతకు మించి అక్కడ చేసేదేమీ ఉండదు.

ఆటో క్లోజ్ హింజ్‌కు కావలసింది ఒక మంచి స్టార్ స్క్రూ డ్రైవర్. స్క్రూ గాడిలో అది కదలకుండా కూర్చోవాలి. జారిపోయే స్క్రూ డ్రైవర్‌తో తిప్పితే గాడి అరిగిపోతుంది, ఆ తర్వాత ఆ స్క్రూ ఎవరి మాటా వినదు. ఇదే కారణంతో డ్రిల్ మెషిన్‌తో బిగించొద్దు, చేత్తోనే తిప్పండి. షట్టర్‌ని పట్టుకోవడానికి ఇంకొకరు తోడుంటే మేలు.

తిప్పే ముందు సందులు చూడండి

షట్టర్లన్నీ మూసి, నాలుగడుగులు వెనక్కి వచ్చి నిలబడండి. రెండు షట్టర్ల మధ్య సందు పై నుంచి కింది దాకా ఒకేలా ఉందా? పైన ఎక్కువై కింద తక్కువైందా? పై అంచులు ఒకే వరుసలో ఉన్నాయా? పక్క నుంచి చూస్తే ఏదైనా ముందుకు పొడుచుకొచ్చిందా? సందు 2 నుంచి 3 మిల్లీమీటర్లు ఉంటే బాగుంటుంది. కొలవడానికి స్కేలు అక్కర్లేదు. చెల్లని ఏటీఎం కార్డులు మూడు కలిపి పట్టుకుంటే మందం రెండు మిల్లీమీటర్లు దాటుతుంది. వాటిని సందులో పెట్టి పైనుంచి కిందికి జరిపితే ఎక్కడ బిగుస్తోందో తెలిసిపోతుంది.

తర్వాత షట్టర్ తెరిచి, దాని చివర పట్టుకుని మెల్లగా పైకెత్తి చూడండి. హింజ్ దగ్గర ఆడుతుంటే సమస్య సర్దుబాటుది కాదు, ప్లేటుదో కప్పుదో స్క్రూ వదులైంది. ముందు దాన్ని బిగించండి. చాలా ఇళ్లలో కథ ఇక్కడితోనే అయిపోతుంది. ముఖ్యంగా సిలిండర్ ఉన్న కబోర్డ్‌కూ, చెత్తబుట్ట తగిలించిన షట్టర్‌కూ ఎక్కువగా వచ్చే జబ్బు ఇదే.

జారిన మూలను పైకి తేవడం

అందరూ తడబడేది ఇక్కడే. మూల కిందికి జారింది కదా అని షట్టర్ మొత్తాన్ని పైకి జరపబోతారు. దాంతో హింజ్ వైపు కూడా పైకి వెళుతుంది, వంకర మాత్రం వంకరగానే ఉంటుంది. మూల జారడమంటే షట్టర్ ఒక పక్కకు తిరగడం. దాన్ని సరిచేసేది పక్కకు జరిపే స్క్రూ.

హింజ్ చేతి మీద సాధారణంగా రెండు స్క్రూలు కనిపిస్తాయి. కప్పుకు దగ్గరగా ఉన్నది షట్టర్‌ని కుడి ఎడమలకు జరుపుతుంది. వెనక ఉన్నది ముందుకూ లోపలికీ జరుపుతుంది.

ఇప్పుడు ఎడమవైపు హింజులున్న షట్టర్ తీసుకుందాం. దాని కుడి మూల కిందికి జారింది. అంటే పైభాగం కుడివైపుకు వాలింది. పై హింజ్‌లో కప్పుకు దగ్గరగా ఉన్న స్క్రూ తిప్పి పైభాగాన్ని ఎడమకు లాగాలి. కింది హింజ్‌లో అదే స్క్రూని వ్యతిరేక దిశలో తిప్పి కిందిభాగాన్ని కుడికి నెట్టాలి. అప్పుడు కుడి మూల తనంతట తానే పైకి లేస్తుంది. హింజులు కుడివైపు ఉంటే ఇదంతా తిరగేసి చేయాలి.

స్క్రూ ఎటు తిప్పితే షట్టర్ ఎటు వెళుతుందన్నది గుర్తుపెట్టుకోవద్దు, కంపెనీని బట్టి మారొచ్చు. ఒక పావు చుట్టు తిప్పండి, షట్టర్ మూసి చూడండి. దగ్గరికొచ్చిందంటే అటే ఇంకో పావు, దూరమైతే వెనక్కి. ఒకేసారి రెండు మూడు చుట్లు తిప్పితే ఎక్కడ మొదలుపెట్టామో మనకే తెలియకుండా పోతుంది. చాలా హింజుల్లో ఒక్కో వైపుకు జరిగేది 2 మిల్లీమీటర్ల చిల్లరే. స్క్రూ చివరికొచ్చి బిగుసుకుంటే బలవంతం చేయొద్దు.

షట్టర్‌కి మూడు హింజులుంటే మధ్యదాని స్క్రూ ముందుగా కాస్త వదులు చేసి పై, కింది హింజులు సర్దండి. చివర్లో మధ్యది బిగించండి. లేకపోతే అదే అడ్డం పడుతుంది.

ఎత్తు, లోతు

షట్టర్ వంకర లేకుండా, మొత్తంగా పక్కదానికంటే కిందికో పైకో ఉంటే ప్లేటు చూడండి. ప్లేటును చెక్కకు పట్టి ఉంచే రెండు స్క్రూల రంధ్రాలు నిలువుగా సాగి ఉంటాయి. ఒకరు షట్టర్ పట్టుకోగా, అన్ని హింజుల ప్లేట్ల స్క్రూలనూ అర చుట్టు వదులు చేసి, షట్టర్‌ని కావలసినంత జరిపి బిగించాలి. కొన్ని కొత్త హింజుల్లో ఎత్తుకు వేరే స్క్రూ ఉంటుంది, అప్పుడు దాన్ని తిప్పితే చాలు.

షట్టర్ ముందుకు పొడుచుకొచ్చినా, హింజ్ వైపు కబోర్డ్ చెక్కకు రాసుకుంటున్నా వెనక స్క్రూ పని. కొన్నింట్లో తిప్పితేనే జరుగుతుంది. పాత రకంలో స్క్రూ వదులు చేసి, చేత్తో జరిపి, మళ్లీ బిగించాలి. వదులు చేసినప్పుడు షట్టర్‌ని వదిలేయొద్దు. హింజ్ చేతి చివర క్లిప్ ఉన్న రకమైతే దాన్ని నొక్కొద్దు, షట్టర్ ఊడి చేతికొస్తుంది.

స్క్రూ తిరుగుతూనే ఉంటే

ఎంత తిప్పినా బిగుసుకోకపోతే చెక్కలో రంధ్రం పెద్దదైనట్టు. పొడవాటి స్క్రూ వేద్దామనిపిస్తుంది. వద్దు, షట్టర్ మందం సాధారణంగా 18 మిల్లీమీటర్లే, స్క్రూ మొన లామినేట్ చీల్చుకుని బయటికి వస్తుంది. అగ్గిపుల్లలు తల తీసేసి, ఫెవికాల్‌లో ముంచి రంధ్రంలో బిగుతుగా దూర్చండి. రాత్రంతా ఆరనివ్వండి. బయటికి మిగిలినది బ్లేడుతో కోసేసి, మధ్యలో మేకుతో చిన్న గుంట చేసి పాత స్క్రూనే బిగించండి. సింక్ కింద అయితే నీటికి తట్టుకునే ఫెవికాల్ మెరైన్ వాడండి.

సర్దుబాటుతో కానివి

వానాకాలంలో మాత్రమే ఒరుసుకునే షట్టర్లుంటాయి. చెమ్మకు చెక్క కాస్త ఉబ్బుతుంది. ఆగస్టులో వాటిని చిత్రిక పట్టించి చెక్కించకండి, చలికాలానికి సందులు వెడల్పై వెక్కిరిస్తాయి. స్క్రూలతో సర్దుకుని, అక్టోబరు దాటాక మళ్లీ చూసుకోండి. చెక్కపొట్టు అదిమి చేసే పార్టికల్ బోర్డ్ నీళ్లు తాగి ఉబ్బితే మాత్రం ఆరినా మళ్లీ పూర్తిగా మామూలుకు రాదు. ముందు సింక్ పైపు లీకేజీ ఆపించండి, తర్వాత షట్టర్ మార్పించండి. షట్టరే వంగి ఉంటే, అంటే స్కేలు ఆనిస్తే మధ్యలో వెలుగు కనిపిస్తే, హింజ్‌తో దాన్ని తిన్నగా చేయడం కుదరదు.

హింజ్ స్ప్రింగే పోయి, షట్టర్ చివరిదాకా మూసుకోకపోతే కొత్తది కొనాలి. పాతది విప్పి చేతిలో పట్టుకుని రాణిగంజ్‌కో ట్రూప్ బజార్‌కో వెళ్లండి, ఫోటో చూపిస్తే సరిపోదు. హింజ్ చేతికుండే వంపునే క్రాంక్ అంటారు. షట్టర్ పక్క చెక్క అంచును పూర్తిగా కప్పుతుంటే జీరో క్రాంక్ అడగాలి. ఒకే చెక్కను రెండు షట్టర్లు సగం సగం పంచుకుంటే 8 క్రాంక్, ఫ్రేమ్ లోపలికి కూర్చునేదైతే 16 క్రాంక్. కంపెనీని బట్టి ఈ అంకె ఒకటి అటూ ఇటూ ఉండొచ్చు. ప్లేటు రంధ్రాలు పాతవాటి మీదే కూర్చుంటాయో లేదో కౌంటర్ దగ్గరే పెట్టి చూసుకోండి. ఒకే షట్టర్‌కున్న హింజులన్నీ కలిపి మార్చండి.